కారులో వినే చరిత్ర

వంటింట్లో పని చేసుకుంటూ వినే పుస్తకం వేరు, కారులో ఇంటిల్లిపాదీ కలిసి వినే పుస్తకం వేరు. వంటింట్లో కుక్కర్ కూతకి నాలుగు వాక్యాలు పోయినా వెనక్కి జరిపి మళ్ళీ వింటాను. కారులో అది కుదరదు. పిల్లలు నీళ్ళడుగుతారు, టోల్‌గేటు వస్తుంది, లారీని ఓవర్‌టేక్ చేసే కంగారులో మావారికి ఎవరు ఎవరి కొడుకో గుర్తుండదు. అందుకే వంశావళితో మొదలయ్యే పుస్తకాన్ని నేను ముందే పక్కన పెట్టేస్తాను. రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు... కంటితో చదివితే సరే, చెవికి మాత్రం అందరూ ఒక్కరే!

మేం ఎక్కువగా తిరిగేది హైదరాబాద్–విజయవాడ దారి. సుమారు 270 కిలోమీటర్లు. ఈ దారిలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ దొరికిన 1289 నాటి శాసనంలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని భూమి దానం చేసినట్టు ఉంది. ఆమె ఎప్పుడు పోయిందో మనకి తెలిసింది ఆ రాయి వల్లే. రుద్రమ మీద నవలలు బోలెడున్నాయి. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ అయితే మా పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. విననివ్వండి, కానీ ఇది నవల అని ముందే చెప్పి వినిపించండి. ఆ తర్వాత చందుపట్ల దగ్గర ఆ సేవకుడి సంగతి చెబితే పిల్లలకి తేడా వాళ్ళంతట వాళ్ళకే తెలుస్తుంది.

నాకు ఇంకో గీటురాయి కూడా ఉంది. మార్కో పోలో ఆమెను, భర్త పోయాక రాజ్యమేలిన రాణి అని రాశాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు, రాజ్యం తండ్రి నుంచి వచ్చింది. ఆ యాత్రికుడి మాటని సరిదిద్దకుండా చదివేసే పుస్తకాన్ని నేను అక్కడే ఆపేస్తాను.

సూర్యాపేట దాటేటప్పుడు మాత్రం ఎంపిక అంత తేలిక కాదు. మా అత్తయ్యది ఆ పక్క ఊరే, నాది కృష్ణా జిల్లా. 1948 సెప్టెంబరు గురించిన పుస్తకం ఏదైనా, దాన్ని ‘పోలీసు చర్య’ అంటుందా, ‘విమోచన’ అంటుందా, ‘విలీనం’ అంటుందా అన్నది మొదటి పది నిమిషాల్లో గమనించండి. ఎవరి వైపు నిలబడి చెబుతున్నారో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. సైన్యం 13న బయల్దేరింది, 17న నిజాం లొంగిపోయాడు, అయిదు రోజుల్లో అంతా ముగిసింది అని ఒక పుస్తకం చెబుతుంటే వెనక సీట్లోంచి అత్తయ్య అన్నారు: “అయిదు దినాలేంది బిడ్డా, అటెన్క గూడ శాన రోజులు రాత్రిపూట దీపం పెట్టనీకి భయమే మాకు.” రైతాంగ పోరాటాన్ని విరమించింది 1951లో. ఆ మూడేళ్ళూ ఆ పుస్తకంలో రెండే వాక్యాలు.

అప్పట్నుంచి ఈ భాగానికి దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ లాంటివి వెతుకుతున్నాను. అదీ నవలే, కథా 1948కి ముందుది. కానీ దొర గడీ, వెట్టి ఎలా ఉండేవో తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇలాంటి వాటికి చదివే గొంతు ముఖ్యం. తెలంగాణ మాటని సినిమా హాస్యంలా పలికేవాళ్ళు చదివితే అత్తయ్య ముందు వినిపించలేను. కొనేముందు నమూనా వినండి, అదీ సంభాషణలున్న చోట. ఇంకో మాట, పెద్దవాళ్ళు నోరు విప్పితే పుస్తకం ఆపేయండి.

నా ఓటు మాత్రం ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’కే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మేలో పరివారంతో బయల్దేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. మజిలీల వారీగా దినచర్యలా రాశారు కాబట్టి ఎక్కడ ఆపినా నష్టం లేదు. దారి ఎలా ఉంది, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఏం సరుకులు దొరుకుతాయి... మనం హోటల్ బావుంటుందా అని వెతికినట్టే! పాత తెలుగు కాబట్టి వేగం కాస్త తగ్గించి పెట్టాలి.

తిరుగు ప్రయాణంలో ఆయన శ్రీకాకుళం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా కోస్తా వెంబడి వచ్చారు. సంక్రాంతికి మేం నెల్లూరు వెళ్తున్నాం, ఆ భాగాన్ని దానికోసం అట్టే పెట్టాను.