అమ్మోరి కోపం నుంచి కంటికి కనపడని క్రిమి దాకా

ఈ ఏడు నివేదికలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు మన పిల్లల గురించి కూడా నాలుగు మాటలు రాస్తున్నాను. చెడిన తిండితో రోగం వస్తుందని పసిబిడ్డలకు ఎట్లా అర్థమవుతుంది? అది తెలియాలంటే ముందు పెద్దోళ్ళకు ఎట్లా అర్థమైందో చూడాల.

1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఆకలితో పాటు కలరా కూడా ఎందరినో తీసుకపోయింది. వాంతులు, భేదులు మొదలైతే అమ్మోరికి కోపం వచ్చిందని మొక్కుకునేవాళ్ళు. తేటగా కనపడే నీళ్ళలో రోగం ఉంటుందని ఎవరికి తోస్తుంది? లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు 1854లోనే కలరా నీళ్ళ వల్ల వస్తుందని చూపించినా, అక్కడి డాక్టర్లే చాలామంది నమ్మలేదు. 1884లో జర్మనీ డాక్టరు రాబర్ట్ కోక్ మన కలకత్తాలోనే ఆ క్రిమిని గుర్తించినాడు. చదువుకున్న పెద్దోళ్ళకే ఇంత కాలం పట్టింది.

మరి పిల్లల సంగతి? బొద్దింక పడిన పానీయం, దాన్ని తీసేసినా తాగకూడదని మూడేండ్ల బిడ్డలు కూడా చెప్పగలరని 1990లో ఆస్ట్రేలియాలో ఒక పరిశోధన చూపించింది. అంటే "ఇది చెడింది" అని బిడ్డకు తెలుసు. ఎందుకు చెడిందో తెలియదు. ఆ ఖాళీని మన మాటలే నింపుతాయి. "చెప్పిన మాట వినలేదు, అందుకే కడుపునొప్పి" అంటే, రోగం శిక్ష అనుకుంటాడు. "దిష్టి తగిలింది" అంటే అదే నిజమనుకుంటాడు.

మన ఇండ్లలో పిల్లలు క్రిమి అనే మాట కంటే ముందు ఎంగిలి అనే మాట నేర్చుకుంటారు. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగకపోవడం మంచిదే. కానీ అదే నోటితో "వాళ్ళు ముట్టుకున్నది తినొద్దు" అంటే, మురికికీ కులానికీ తేడా బిడ్డకు తెలియదు. 2003లో మన బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలై, చాలాచోట్ల వంట పొదుపు సంఘాల చేతికి వచ్చింది. 2004లో సుప్రీంకోర్టు వంటపనిలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇయ్యమంది. అయినా కొన్ని ఊర్లలో పెద్దోళ్ళు ఆ అన్నం వద్దన్నారు. రోగం తెచ్చేది కడగని చెయ్యి, మూతలేని కడవ, వాసనొచ్చిన సద్ది. వండినామె కులం కాదు.

బిడ్డకు ఇది చూపించి చెప్పొచ్చు. గ్లాసు నీళ్ళలో ఉప్పు కలపండి. కరిగినాక కనపడదు, నాలుకకు తెలుస్తుంది. "క్రిమి కూడా ఇట్లే కనపడదు, కానీ ఉంటుంది. దానికి రుచి కూడా ఉండదు, అందుకే సబ్బుతో చెయ్యి కడుక్కోవాల" అనండి. ఐదేండ్ల బిడ్డకు అది చాలు.

వచ్చే ఏడు ప్రతి సంఘం ఒక మీటింగులో ఈ మాట పెట్టుకోవాలని నా మనవి. మన అవ్వలకు చెప్పేవాళ్ళు లేరు. మన బిడ్డలకు మనం ఉన్నాం.