ఎల్ బదీ రాజప్రాసాదం

మొరాకోలోని మరాకేష్ నగరంలో శిథిలమై ఉన్న 16వ శతాబ్దపు రాజభవనం. 1578లో జరిగిన ‘ముగ్గురు రాజుల యుద్ధం’లో పోర్చుగీసు సేన ఓడిపోగా, ఆ వెంటనే గద్దెనెక్కిన సాదీ సుల్తాన్ అహ్మద్ అల్ మన్సూర్ దీన్ని మొదలుపెట్టాడు. పోర్చుగీసు బందీల విడుదలకు వచ్చిన సొమ్ము ఖర్చులకు అక్కరకొచ్చింది. ఇటలీ పాలరాతికి బదులుగా అంతే తూకం చక్కెర ఇచ్చారని చరిత్రకారుడు అల్ ఇఫ్రానీ రాశాడు. అతిశయోక్తి కావచ్చు గానీ, సుల్తాన్ చక్కెర వ్యాపారం మాత్రం నిజం.

కట్టడానికి ప్రాణం నడిమి ముంగిలి. సుమారు 135 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు. మధ్యలో దాదాపు 90 మీటర్ల కొలను. దాని పక్కన నడకబాటల కంటే బాగా పల్లంలో నాలుగు తోటలు ఉంటాయి కాబట్టి చెట్ల కొమ్మలు నడిచేవారి ఎత్తుకే అందుతాయి. ముంగిలి అంచుల్లోని మండపాల్లో ముఖ్యమైనది అల్ ఖమ్సీనియా.

గోడలు దిమ్మిస కొట్టిన మట్టివి, వైభవమంతా పైతొడుగుదే. తర్వాతి వంశపు సుల్తాన్ మౌలే ఇస్మాయిల్ ఆ పాలరాళ్లను ఊడదీయించి, తన రాజధాని మెక్నెస్‌కు తరలించాడు. మట్టిగోడలపై ఇప్పుడు కొంగలు గూళ్లు కడుతున్నాయి. 12వ శతాబ్దంలో కార్డోబాలో చెక్కిన కుతుబియా మసీదు ప్రసంగ వేదికను ఇక్కడే ప్రదర్శిస్తున్నారు.