దీపం వేలాడాల్సింది బోర్డుకు కాదు

మన స్లాబు ఇళ్లలో ఫ్యాను కొక్కెం కాంక్రీటు పోసేటప్పుడే బిగిస్తారు. అవసరమైతే దానికి పసిపాప ఉయ్యాల కూడా కడతాం. ఆ అలవాటుతో అమెరికా వెళ్లి ఇల్లు కొనుక్కున్నవాళ్లు చేపల తొట్టి మీద లైటు వేలాడదీద్దామని సీలింగుకు డ్రిల్లు పెడితే తెల్లటి పిండి రాలుతుంది, మరుక్షణమే బిట్టు ఖాళీలోకి దూసుకుపోతుంది. అక్కడున్నది అరంగుళం మందం జిప్సం బోర్డు, దాని పైన గాలి. చెక్క దూలాలు ఉంటాయి కానీ పదహారు అంగుళాలకో రెండడుగులకో ఒకటి. ఇంత పెళుసు సరుకు నెత్తిమీదికి ఎలా చేరిందో తెలిస్తే, దానికి ఏది తగిలించవచ్చో, ఏది తగిలించకూడదో తెలుస్తుంది.

బోర్డు రాకముందు అమెరికాలో గోడకూ సీలింగుకూ సన్నటి చెక్క పట్టీలు వరసగా కొట్టి, వాటి మీద మూడు పూతల ప్లాస్టరు వేసేవారు. పని నేర్చిన మేస్త్రీ కావాలి, ఆరడానికి వారాలు పట్టేది. ఈ తడిపని తగ్గించాలని అగస్టిన్ శాకెట్ అనే అమెరికన్ నడుం కట్టాడు. గడ్డితో చేసిన కాగితానికి తారు పట్టించి చేసిన మొదటి ప్రయత్నం కుదరలేదు. ఆ తరవాత కాగితం పొరల మధ్య ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పరిచి పలకలు చేశాడు. 1894లో పేటెంటు వచ్చింది. అయితే శాకెట్ బోర్డు చెక్క పట్టీల బదులు వచ్చిందే తప్ప దూలాల బదులు కాదు. తన బరువు తాను మోసుకుంటూ, పైపూతను పట్టి ఉంచితే దాని పని అయిపోయినట్టే.

1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ శాకెట్ వ్యాపారాన్ని కొనేసింది. 1917లో ఆ కంపెనీ బోర్డు షీట్‌రాక్ పేరుతో బజారులోకి వచ్చింది. అయినా జనం చాలాకాలం దాన్ని చవక సరుకుగానే చూశారు. రెండో ప్రపంచయుద్ధం లెక్క మార్చింది. పనివాళ్లు కరువై, కట్టడాలు త్వరగా లేవాల్సి వచ్చేసరికి బోర్డుకు గిరాకీ పెరిగింది. యుద్ధం ముగిశాక న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ లాంటి కాలనీలతో అది ఇంటింటికీ చేరింది.

జిప్సానికి ఒక గొప్ప గుణం ఉంది. దాని బరువులో దాదాపు ఐదో వంతు నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరై పోయేదాకా వెనకనున్న చెక్క పెద్దగా వేడెక్కదు. కానీ లాగుడుకు మాత్రం తట్టుకోలేదు. తేమ పడితే మెత్తబడుతుంది. చేపల తొట్టి పైన ఏడాది పొడుగునా ఉండేది ఆ తేమే.

గోడకు స్క్రూ పట్టించే విద్య వేరే దారిలో వచ్చింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించే పని జాన్ జోసెఫ్ రాలింగ్స్‌కు దక్కింది. జనపనార పీచును జంతువుల రక్తంతో చేసిన జిగురుతో గట్టిపరచి ఆయన 1910 దశకం తొలినాళ్లలో చేసినదే రాల్‌ప్లగ్. మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఆ పేరే పలుకుతారు. 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ దాన్ని నైలానుతో చేశాడు. రెండింటి కిటుకూ ఒకటే: స్క్రూ దూరేకొద్దీ ప్లగ్గు ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను బిగబట్టుకుంటుంది. జిప్సం బోర్డులో బిగబట్టుకోవడానికి ఉన్నది అరంగుళం పిండికట్టే.

ఆ లోటు తీర్చడానికి వచ్చింది టాగుల్ బోల్టు. మడిచిన రెండు రెక్కలు దూరేంత పెద్ద బెజ్జం చేసి లోపలికి నెడితే, బోర్డు వెనక స్ప్రింగు రెక్కలను విప్పుతుంది. స్క్రూ పూర్తిగా ఊడదీస్తే రెక్కలు లోపలే పడిపోతాయి. గోడ మీద ఫొటో పటానికి ఇది బాగానే పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ బరువు బోర్డు వెంబడి కిందికి దిగుతుంది. సీలింగులో బరువు నేరుగా బోర్డును ఊడబెరుకుతుంది. రెక్కలు విరగకపోయినా వాటి చుట్టూ ఉన్న జిప్సం చిట్లుతుంది.

ఇక తొట్టి సంగతి. 1850లో లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్‌ఫిష్, నీటిమొక్క, నత్తలు కలిస్తే తొట్టిలో జీవం తనంతట తాను నిలుస్తుందని చూపించాడు. 1853లో రీజెంట్స్ పార్కు జంతుశాలలో చేపల భవనం తెరిచారు. అప్పటికి వెలుగంటే కిటికీ ఎండే. 1938లో ట్యూబులైట్లు అమ్మకానికి రావడంతో తొట్టి మూతలోనే దీపం ఇమిడింది. పగడాల పెంపకం ఊపందుకున్నాక మెటల్ హాలైడ్ దీపాలు వచ్చాయి. వాటి వేడికి తొట్టి నీరు కాగకుండా ఎత్తున వేలాడదీయక తప్పలేదు. ఇప్పటి ఎల్‌ఈడీలు తేలికే, కానీ పెద్ద తొట్టి లైటు ఇప్పటికీ కిలోల్లోనే తూగుతుంది. తొట్టి కడిగేటప్పుడల్లా దాన్ని ఎత్తుతాం, దించుతాం. ఆ కుదుపు కొక్కానికి అదనపు బరువు. పైగా అది ఊడితే పడేది కరెంటుతో సహా నీళ్లలో.

కాబట్టి పద్ధతి ఇది. స్టడ్ ఫైండరుతో దూలం వెతికి, దాని నడిమధ్యన సన్న బెజ్జం ముందు వేసి, కొక్కెం స్క్రూ చెక్కలోకి పూర్తిగా దిగేలా బిగించండి. దూలాలు తొట్టికి సరిగ్గా పైన లేకపోతే రెండు దూలాలను కలుపుతూ ఒక చెక్క పలక బిగించి, లైటును దానికి వేలాడదీయండి. లైటును వేలాడదీసే స్టీలు తీగకు తోడు కాపుగా ఇంకో తీగ వేయండి. వైరు సాకెట్టు కంటే కిందికి ఒక వంపు తిరిగాకే ప్లగ్గుకు చేరాలి, అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ సాకెట్టుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే రక్షణ (అమెరికాలో జీఎఫ్‌సీఐ, మన దగ్గర ఆర్‌సీసీబీ) ఉండి తీరాలి.

హైదరాబాదు, విజయవాడ ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగుకూ ఇదే వరస. అక్కడ బోర్డును మోసే జీఐ (జింకు పూత ఇనుము) ఛానళ్లు దాని బరువుకే లెక్కకట్టినవి. బోర్డుకు బెజ్జం పెట్టి, పైనున్న స్లాబులో యాంకర్ బోల్టు దింపి, మర రాడ్డును దాని నుంచే కిందికి తెప్పించండి. డ్రిల్లు పెట్టేముందు మెయిన్ ఆపి, పైన వైర్లు ఎటు పోయాయో చూసుకోండి. దూలమూ స్లాబూ అందని చోట, అద్దె ఇళ్లలో, లైటును పట్టుకునేందుకు తొట్టి స్టాండుకే బిగించే చేతులు దొరుకుతాయి; సీలింగు జోలికి పోకుండా అవి కొనుక్కోవడమే మేలు.