బావి కూతయు, దేహములోని గడియారమును

దినములో నీ పని మిక్కిలి బాగుగా సాగు గంటలు ఏవి? ఈ ప్రశ్నకు మన పెద్దలలో అనేకులు తడుముకొనక ఇచ్చు జవాబు ఒక్కటే: తెల్లవారుజాము. పల్లెలోని సేద్యగానికి ఆ మాట చక్కగా సరిపడును. బెల్లంపల్లివంటి బొగ్గుబావుల ఊరిలో మాత్రము అది కొందరికి మేలు చేయును, కొందరిని చెరుపును.

పూర్వము మన ఊళ్లలో గడియారములు లేకున్నను వేళలు లేకపోలేదు. రేయింబవళ్లను ఎనిమిది జాములుగాను, అరువది గడియలుగాను లెక్కించిరి. వేగుచుక్క పొడుచుట, తొలికోడి కూయుట, అంబలి త్రాగు పొద్దు, పశువులు ఇల్లు చేరు వేళ, వీటినిబట్టియే పని నడిచెను. వేసవిలో దుక్కి చల్లని పూటనే ముగించి, మిట్టమధ్యాహ్నము ఎద్దులును మనుష్యులును చెట్టునీడ చేరుచుండిరి. అది సోమరితనము కాదు. మండుటెండలో చేసిన పనికి ప్రయాస హెచ్చు, ఫలము తక్కువ అని వారెరుగుదురు.

1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. అదియే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆయెను. ఆ దశాబ్దపు చివరి యేండ్లలో బెల్లంపల్లిలోను బావులు తెరువబడినవి. చుట్టుపట్ల పల్లెలనుండి నాగలి విడిచి వచ్చినవారు తట్టయు చెమ్మాసును పట్టుకొని భూమిలోనికి దిగిరి. కోడికూతకు బదులు బావి కూత వారిని లేపెను. ఉదయము ఏడింటికి మొదటి షిఫ్టు, మూడింటికి రెండవది, రాత్రి పదకొండింటికి మూడవది. ఈ వారము పగలు పని, వచ్చు వారము రాత్రి పని. బెల్లంపల్లి పట్టణపు పాత బావులు అనేకము ఇప్పుడు మూతపడినవి గాని, బొగ్గు ప్రాంతమంతట షిఫ్టుల బ్రదుకు నేటికిని అదే.

బావి లోపల సూర్యుడు లేడు. అక్కడ రాత్రియు పగలును ఒక్కటే గదా, దేహమునకు వేళతో పని యేమని కొందరందురు. ఈ సంగతిని మొదట ఒక మొక్క తేటపరచెను. 1729లో మైరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచగా, వెలుగు తగులకున్నను దాని ఆకులు పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకొనుచునే యుండెను. తరువాత 1938లో అమెరికాలో క్లైట్‌మన్ అను ఆచార్యుడు తన శిష్యుడైన రిచర్డ్‌సన్‌తో కూడ మామత్ గుహలోనికి దిగి, 32 దినములు అక్కడనే కాపురముండెను. దినమునకు 28 గంటలని ఏర్పరచుకొని, ఆ లెక్కచొప్పున నిద్రించుటకు యత్నించిరి. శిష్యుని దేహము క్రొత్త దినమునకు లోబడెను. 43 యేండ్ల గురువు దేహము లోబడలేదు. సూర్యుని చూడకున్నను, ఆయన ఒంటి వేడి ఇంచుమించు 24 గంటలకొకసారి హెచ్చి తగ్గుచునే యుండెను. ఆ వేడి తగ్గినప్పుడు చెయ్యి మందగించును, తెలివి మసకబారును. సామాన్యముగా అది మిక్కిలి తగ్గునది తెల్లవారకముందే. రాత్రి షిఫ్టువాడు పైకప్పును కనిపెట్టుకొని యుండవలసిన గంటలు అవియే గదా!

ఇట్టి దేహమును ఎదిరించుటకంటె దానితో సమాధానపడుట మేలు. అమెరికాలోని యూటా రాష్ట్రమున, ఉప్పు సరస్సునుండి ఖనిజలవణములు తీయు కార్మికులకు షిఫ్టులు వారము వారము వెనుకకు మారుచుండెను. వాటిని మూడు వారములకొకసారి, ఉదయమునుండి సాయంకాలమునకు, సాయంకాలమునుండి రాత్రికి, ముందుకు మార్చి చూచిరి. పనివారి తృప్తియు పని ఫలమును హెచ్చినవని 1982లో ప్రకటించిరి. షిఫ్టుల పట్టిక వ్రాయువారు దీనిని చదివిన బాగుండును.

పట్టిక మన చేతిలో లేదందువా? నిజమే. అయినను మిగిలిన గంటలు నీవే. రెండవ షిఫ్టువాడు ఇల్లు చేరి పండుకొనుసరికి అర్ధరాత్రి దాటును. అతనిని నాలుగింటికి ప్రార్థనకు లేపితిమా, మూడున్నర గంటల నిద్ర కూడ దక్కదు. అతనికి ఉదయము తొమ్మిది మొదలు పదకొండువరకు మంచి వేళ. చదువైనను లెక్కలైనను అప్పుడు చూచుకొనవచ్చును. రాత్రి షిఫ్టువాడు పగటి నిద్ర ముగించి లేచిన తరువాత, సాయంకాలము నాలుగింటికిని ఏడింటికిని నడుమ అతని తెలివి పదునుగా నుండును. మొదటి షిఫ్టువాడు తన మంచి గంటలు బావికే ఇచ్చి వచ్చును గనుక, వచ్చిన వెంటనే కొంచెము కునుకు తీయనిమ్ము. ఇవి సామాన్యపు లెక్కలు. నీ మట్టుకు నీవు ఒక వారము రోజులు, రెండు గంటలకొకసారి, మనస్సు చురుకుగానున్నదో మందముగానున్నదో పిల్లల నోటుబుక్కులో ఒక గీత గీసి చూడుము. షిఫ్టు మారిన వారమున మరల గీయుము.

ఇంటి ఇల్లాలి మాట ఎవరును అడుగరు. భర్త ఒక షిఫ్టు, కుమారుడు ఇంకొక షిఫ్టు అయిన యింట, ఆమెకు తెల్లవారకముందే పొయ్యి, మధ్యాహ్నము టిఫిను డబ్బా, రాత్రి పదింటికి మరల అన్నము. పగలు పండుకొన్నవాని కిటికీకి ముతక గుడ్డ కట్టునదియు, వాకిట ఆడు పిల్లలను దూరముగా పంపునదియు ఆమెయే. మూడు షిఫ్టులును ఆమెవే. ఆ నోటుబుక్కులో ఆమె పేర కూడ ఒక పుట విడువుము. గీతలు గీయుటకు ఆమెకు తీరిక దొరకదు గనుక, ఆ వారము నీవే అడిగి గీయుము.