కొలత మీద పిడికెడు

కొట్టు పెడతానంటున్నావు కదా నాయనా, ఇలా మంట దగ్గరికి జరిగి కూకో. బోర్డు మీద ఖాతాదారులకు కృతజ్ఞతలు అని రాయిస్తానన్నావు. రాయించు, బావుంటాది. అయితే మన పెదబయలు సంతలో ఆ మాట నోటితో అనకుండానే తెలియజేసిన మనిషి ఒకాయన ఉండేవోడు. ఆయన ముచ్చట ఒకపాలి విను.

నా చిన్నప్పుడు రోడ్డేది, బస్సేది? సంత రోజు కోడి కూయకముందే లేచి, కావిళ్లెత్తుకుని, మత్స్యగెడ్డ దాటి నడిచేవోళ్లం. పిప్పళ్లు, పసుపు, వలిసెలు, అడ్డాకులు, కొండచీపుర్లు మావి. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, పొగాకు కింద మాడుగుల వైపు నుంచి ఘాటీ ఎక్కి వచ్చిన షావుకార్లవి. డబ్బు మా కంటపడేది తక్కువ. పసుపు పోసి ఉప్పు పట్టుకుపోవడమే.

ఆ షావుకార్లలో కొందరి దగ్గర రెండు తవ్వలుండేవి. మా దగ్గర కొనడానికి పెద్దది, మాకు అమ్మడానికి చిన్నది. ఉప్పు కొలిచేటప్పుడు బొటనవేలు తవ్వలోకి దూర్చి, పైన అరచేత్తో తలకొట్టేసేవోరు. మా పిప్పళ్లు మాత్రం పొర్లిపోయేదాకా పోయించుకునేవోరు. అలాగని మర్యాదలకి లోటుండేదా? దూరం నుంచి చూడగానే "రావమ్మా, రా" అని పిలిచి చుట్ట చేతిలో పెట్టేవోరు. పంట ఇంటికొచ్చేసరికి ఆ చుట్టా పద్దులో ఉండేది, దాని మీద వడ్డీ కూడా. 1960లో ఏజెన్సీలో వడ్డీ వ్యాపారాన్ని కట్టడి చెయ్యడానికి సర్కారు వేరే చట్టం తెచ్చిందంటే ఊరికే తెచ్చిందా?

నేను చెప్పేది ఉప్పు షావుకారు సంగతి. ఉప్పు బాబు అనే పిలిచేవోళ్లం. ఆయనకి తవ్వ ఒక్కటే. కొన్నా దానితోనే, అమ్మినా దానితోనే. కొలవబోయే ముందు బోర్లించి అడుగున తట్టి, లోపల మాకు చూపించేవోడు. మొదటి తవ్వ పోస్తూ "లాభం" అనేవోడు, ఆ తర్వాత రెండు, మూడు. ఎవరు కొలిచినా మొదటిదాన్ని అలాగే అంటారనుకో. మా అమ్మ ఊరుకునేది కాదు, "ఆ లాభం నీకా బాబూ, నాకా?" అని అడిగేది. "ఇద్దరికీ తల్లీ" అని నవ్వి, లెక్కంతా అయ్యాక దోసెడు ఉప్పు తీసి మా గంపలో పోసేవోడు. కొసరు అందరూ వేస్తారు, గొడవపడితే. ఆయన అడగనిచ్చేవోడు కాదు. వానాకాలంలో అయితే "కొండెక్కేసరికి కొంత నీరైపోద్ది తల్లీ" అని ఇంకో పిడికెడు వేసేవోడు. మా దారి ఎంత దూరమో, ఎంత వానో ఆయన మనసులో పెట్టుకున్నాడని అప్పుడే నాకు తెలిసింది.

1957 ఏప్రిల్‌లో నయాపైసలొచ్చాయి. సంతంతా గాభరా. అణాకి 6 నయాపైసలన్నారు. నాలుగణాలు కలిపితే పావలా, అంటే 25. అణా అణాగా ఇస్తే 24 అయ్యేది. ఆ ఒక్క పైసా ఎటు పోతోందో చదువు రాని మాకేం తెలుస్తాది? ఉప్పు బాబు గోనె మీద ఉప్పురాళ్లు ఆరేసి చొప్పున నాలుగు కుప్పలు పేర్చాడు. పక్కన విడిగా ఇంకో రాయి పెట్టాడు. "ఇది కూడా మీదే. నేనైనా సరే, ఇవ్వకపోతే అడగండి" అన్నాడు. పక్క కొట్లవాళ్లు కొరకొర చూశారు. మా అత్త ఆ లెక్క మళ్లీ మళ్లీ పేర్పించుకుని నేర్చుకుంది.

మేమూ ఊరికే ఉండలేదు. మా అమ్మ పిప్పళ్లలో పుల్లలూ బూజు పట్టినవీ ఏరేసి, మంచివి ఆయన కోసం విడిగా మూటకట్టేది. కొత్త చిక్కుళ్లు దేవుడికి పెట్టి మేం తిన్నాక, ఆయనకో గుప్పెడు తీసుకెళ్లేది. తూకం వెయ్యనిచ్చేది కాదు.

నయాపైసలు రావడానికి ముందు ఏడాదే, 1956లో, గిరిజన సహకార సంస్థ పుట్టింది. పోగాపోగా డిపోలొచ్చాయి, ధర ముందే చెప్పి కాటా మీద తూచి కొనడం మొదలైంది. రెండు తవ్వల వాళ్లకి అది గొంతులో పచ్చివెలక్కాయ. ఉప్పు బాబు మాత్రం "మీ పసుపుకి అక్కడ నాలుగు డబ్బులు ఎక్కువొస్తే అక్కడే ఇయ్యండి, ఉప్పుకి నా దగ్గరికి రండి" అనేవోడు. వెళ్లేవోళ్లం, తప్పకుండా. ఆయన సంతకి రాని వారం మా అమ్మ ఉప్పు అరువడిగి గడిపేది గానీ రెండో కొట్టు ఎక్కేది కాదు.

ఇప్పుడన్నీ ప్యాకెట్లే, దోసెడు ఎక్కడ వెయ్యను అంటావు. నిజమే. ప్యాకెట్టు మీద తేదీ చదవలేని ముసిలోళ్లు నీ కొట్టుకొస్తారు, చదివి చెప్పు, దాటిపోయిందయితే తీసి పారెయ్యి. ఫోనులో డబ్బులు పడ్డాయో లేదో తెలీక నిలబడిపోయినవోళ్లని కసరకు. అరువు రాస్తే ఆ లెక్క వాళ్లకీ ఓ చీటీ మీద రాసియ్యి. ఇంకోటి, నువ్వు కొన్న పాత కాటా పొద్దున్న చూశాను. పైనేమీ పెట్టకుండానే అంకె చూపిస్తోంది. రేపు పాడేరు పట్టుకెళ్లి బాగుచేయించు, తూనికల శాఖవాళ్ల ముద్ర పడ్డాకే కొట్టులో పెట్టు. బోర్డుకి రంగులు తర్వాత వేయిద్దువుగాని.