కోడింగ్ ప్రాజెక్టు: మూడు ప్రశ్నలు అడుగుదాం

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. ల్యాబ్ పరీక్షకు 12, రిపోర్టు ఫైలుకు 7, ప్రాజెక్టుకు 8, వైవాకు 3. ఫైలులో కనీసం 15 పైథాన్ ప్రోగ్రాములుండాలి. హోసూరైనా, బరంపురమైనా, షోలాపూరైనా ఇదే లెక్క.

మనకు కోడింగ్ రాకపోయినా పిల్లలకు సాయపడవచ్చు. వారానికోసారి పక్కన కూర్చుని అడుగుదాం: ఈ ప్రోగ్రాం ఏం చేస్తుంది? తప్పెక్కడ వచ్చింది, ఎలా సరిదిద్దావు? మళ్లీ మొదలుపెడితే ఏం మారుస్తావు?

జవాబు మన తెలుగులోనే చెప్పనిద్దాం. లూప్, ఫంక్షన్ వంటి మాటలు అలాగే ఉండనీయండి. చెప్పలేక ఆగిన చోటే అర్థంకాని కోడ్ ఉన్నట్టు. ఆ భాగాన్ని మళ్లీ రాయించి, తేదీ వేసి నోటుబుక్కులో ఎక్కించాలి. డిసెంబరుకల్లా కొత్త హంగులు ఆపించి, ఉన్నది పూర్తి చేయిద్దాం. ఇంట్లో అమ్మకు విడమర్చి చెప్పగలిగిన పిల్లలు వైవాలో తడబడరు.