ప్రకాశం పంతులు: నివేదికా, ఆర్డినెన్సూ

టంగుటూరి ప్రకాశం పంతులుగారిని గురించి మనకు రెండు కథలున్నాయి. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బహిష్కరణనాడు, మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి కథ పాఠ్యపుస్తకాలలో ఉంది. 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను విచారణ లేకుండా జైళ్లలో పెట్టించిన పాలకుడి కథ వామపక్ష కుటుంబాలలో ఉంది. సూళ్లూరుపేటలో పాఠాలు చెప్పుకొనే నేను ఈ రెండింటినీ వింటూనే పెరిగాను. వీరపూజగాని, శాపనార్థాలుగాని చరిత్ర కాజాలవు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ సమస్యను విచారించిన శాసనసభా సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మాకు వాయవ్యాన ఉన్న వెంకటగిరి జమీందారీ రైతుల గోడును ‘జమీన్ రైతు’ పత్రిక 1930 నుంచీ నెల్లూరులో వినిపిస్తూనే ఉంది. 1938లో ఈ సంఘం తన నివేదికలో భూమికి యజమాని రైతేనని, జమీందారు శిస్తు వసూలుచేసేవాడు మాత్రమేనని తేల్చింది. శిస్తులు పర్మనెంటు సెటిల్మెంటు నాటి మట్టానికి దిగాలన్నది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది శాసనం కాలేదు. జమీందారీల రద్దు చట్టం 1948లోగాని రాలేదు. అయినా ఆ వాదన బలం తక్కువది కాదు. ఒక కాంగ్రెసు మంత్రి అంతమాట అనడం ఆనాడు సాహసమే.

అటువంటి మనిషి ఆర్డినెన్సు ఎలా తెచ్చాడు? ముసలితనమనో, అధికార మదమనో సరిపెట్టుకోవడం సులభం. కాని జవాబు ఆ నివేదికలోనే ఉందని నా అభిప్రాయం. దాని దృష్టి జమీన్ రైతు మీదనే. ఆ రైతు చేలో పనిచేసే పాలేరు దానికి ప్రధాన విషయం కాడు. ప్రజలంటే నాయకుణ్ణి నమ్మి నడిచే రైతులన్నది ప్రకాశంగారి భావన. 1946 ఏప్రిల్ చివర ఆయన మద్రాసు ప్రధాని అయ్యాడు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఆ ఏడే దక్షిణ ఇండియా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. పొన్మలైలో కాల్పులు జరిగాయి. తన సంఘం, తన జెండా, తన కోర్కెలతో కదిలిన శ్రామికుడు ఆయన ‘ప్రజల’లో ఇమడలేదు. ఇమడనివాడు శాంతిభద్రతల సమస్య అయినాడు.

అమెరికా చరిత్రకారులకూ ఇటువంటి చిక్కే ఒకటుంది. 1829 నుంచి 1837 వరకు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ సామాన్యుల ప్రతినిధిగా పేరుపొందాడు. 1830లో ఆదివాసులను వారి నేలనుంచి తరలించే చట్టంపై సంతకం చేసినదీ ఆయనే. బానిసల యజమాని కూడాను. ప్రకాశంగారి తప్పు ఆ ఘోరానికి సమానమని నేననడం లేదు. కాని ఇద్దరినీ అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘ప్రజలు’ అన్న మాటలో ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు?

ఈ ప్రశ్న మనల్నీ వదలదు. ఆర్డినెన్సు వచ్చిన అయిదేళ్లకే, 1952 ఎన్నికలలో కాంగ్రెసుకు 375 స్థానాలలో 152 మాత్రమే రాగా, కమ్యూనిస్టులు ఆ ప్రకాశాన్నే ఐక్య ప్రజాస్వామ్య సంఘటన నాయకుడిగా అంగీకరించారు. 1953 అక్టోబరు 1న ఆయన కాంగ్రెసు అండతో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. 1954 నవంబరులో మద్యనిషేధంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో కమ్యూనిస్టులు ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు; ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. అవసరాన్నిబట్టి మనమూ ఆయనను ఎత్తుకున్నాం, దించాం. నిదానంగా తూచడం మాత్రం వాయిదా వేశాం.

1921లో ‘స్వరాజ్య’ స్థాపించి, దానికోసం తన ఆర్జనంతా ధారపోసిన సంపాదకుడాయన. ఆయన తెచ్చిన ఆర్డినెన్సు చట్టమై, 1949లో మరో చట్టానికి దారి ఇచ్చింది. దానికింద ‘క్రాస్ రోడ్స్’ పత్రిక మద్రాసులోకి రాకుండా నిషేధిస్తే, 1950లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయవలసి వచ్చింది. నిర్బంధ శాసనం తెచ్చినవాని త్యాగాన్ని చూడదు. చేతులు మారుతూ బతుకుతుంది. విచారణలేని నిర్బంధం ఈనాటికీ మన దేశంలో శాసనబద్ధమేనని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

కాబట్టి ప్రకాశంగారి విగ్రహానికి దండవేసే మిత్రులు ఆర్డినెన్సును చదవాలి. ఆర్డినెన్సును తలచుకొని మండిపడే మిత్రులు 1938 నివేదికను చదవాలి. రైతు భూమికి యజమాని అన్న వాక్యాన్ని ఆయన సగంలో ఆపాడు. మిగిలిన సగంలో కౌలుదారు ఉన్నాడు, కూలీ ఉన్నాడు. దాన్ని పూర్తిచేయవలసిన బాధ్యత మనది.